నీడ కాళ్ల కింద దాగే రోజు

ఏప్రిల్ 11

పెద్దిరాజుగారింటి పెళ్లి పందిరి ఇవాళ విప్పేశాం. పొద్దు గుంకేలోపు విప్పకపోతే నా పర్మిట్ పోతుంది. పెదరేవులో ఆరుబయట నీడ వేసుకునే హక్కు పెళ్లికీ చావుకీ మాత్రమే ఉంది, అదీ ఒక్క రోజు. మేం రాటలు పీకుతున్నా పెళ్లివారు కింద నుంచి లేవరు. ఇంకొంచెం సేపు ఉంచు మాణిక్యమ్మా అని బతిమాలతారు. తలమీద కప్పు ఉన్నప్పుడే మనసులో మాట బయటికొస్తుంది మరి. ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు కదా అంటే, ఎవరింటికి ఎవరు వెళ్లారో గద్ద చెప్పేస్తుంది.

గద్ద అంటే రెక్కల కెమెరా. ఊరి మీద ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. అంత ఎత్తు నుంచి మొహం కనిపించదు కాబట్టి నేలమీద నీడను చూసి మనిషిని పోలుస్తుంది. ఫోనులో మన కుటుంబ కార్డు తెరిచి పేరు నొక్కితే చాలు, ఆ మనిషి ఎక్కడుందో చూపిస్తుంది. దీన్ని చూపు అడగడం అంటారు. ఎవరు అడిగారో, ఏం కనిపించిందో కార్డులో ఉన్న అందరికీ తెలుస్తుంది. దొంగతనాలు తగ్గాయనీ, పిల్లలు తప్పిపోవడం లేదనీ చెబుతారు. నిజమే, తగ్గాయి. గొడుగులు కూడా పోయాయి, చెట్లకి కొమ్మలూ పోయాయి.

నిన్న నా కూతురు హైమ రేవుకి వెళ్లింది. పంటు ఎక్కి గోదావరి దాటితే మొగలిలంక. లంకవాళ్లు ఊరంతా కూర్చుని గద్దలు వద్దన్నారు. అక్కడ మూడు రోజులుంటే సొంత పేరుతో కార్డు ఇస్తారు. ఇక్కడైతే మొగుడు వేలిముద్ర వేస్తే తప్ప పెళ్లాం పేరు కార్డులోంచి విడిపోదు. హైమ రేవు చేరేసరికి అల్లుడు గోవర్ధన్ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. చేతిలో మంచినీళ్ల సీసా. ఎండలో వచ్చావు తాగు అని ఇచ్చి, పంటు గుమస్తా దగ్గరికెళ్లి వేలిముద్ర వేసి "ఆపండి" అన్నాడట. అదే కార్డులో ఉన్న మనిషి స్వయంగా వచ్చి ఆపమంటే ఆపాలి, అది నిబంధన. హైమ ఆ సీసా పట్టుకునే ఇంటికొచ్చింది. మూత కూడా తియ్యలేదు.

ఏప్రిల్ 17

గోవర్ధన్ మామిడిపళ్ల బుట్టతో వచ్చాడు. నన్ను చూడగానే లేచి నిలబడే మనిషి. కేక వెయ్యడు, చెయ్యెత్తడు, తాగడు. ఊళ్లో ఎవరినడిగినా బంగారంలాంటి అల్లుడంటారు. పెళ్లప్పుడు నేనూ అలాగే మురిసిపోయాను.

హైమ గదిలోంచి బయటికి రాలేదు. అతన్ని వదిలి నా దగ్గరికి వచ్చి ఆరు నెలలైంది, అతను ఇంట్లోకి వచ్చి బలవంతం చేసింది లేదు. కాని మందుల షాపులో పనికి వెళితే ఎదుటి కిళ్లీకొట్టు దగ్గర నిలబడేవాడు. బట్టల కొట్టుకి వెళితే అక్కడ. స్నేహితురాలింటికి వెళితే గేటు బయట. ఊరికే నిలబడతాడు, నవ్వుతాడు, నీళ్ల సీసా ఇస్తాడు. చివరికి షాపు యజమాని విసిగిపోయి హైమనే మానుకోమన్నాడు.

కొట్టాడా అని నేను మొదట్లో అడిగితే హైమ అంది, "కొట్టలేదమ్మా. ఒక్కదాన్నీ ఒక్క క్షణం వదల్లేదు. అంతే." అదేం పెద్ద కష్టం అని నేను అనుకున్నాను. ఆరు నెలలు కళ్లారా చూశాక ఇప్పుడు అనను.

పళ్లు తీసుకుని కాఫీ ఇచ్చాను. వెళ్తూ గడప దగ్గర నెమ్మదిగా అన్నాడు: "మొన్న పొద్దున్న కూడా మీరు చూపు అడిగారు కదండీ, అత్తయ్యగారూ. నేను ఆఫీసులో ఉన్నా నాకు ధైర్యంగా ఉంటుంది. మనిద్దరం ఉన్నాం కదా అని."

ఒళ్లు మండిపోయింది. కాని అబద్ధం ఏముంది అందులో? పిల్ల గుమ్మం దాటితే అన్నం ఉడికేలోపు ఒకసారి, దింపాక ఒకసారి పేరు నొక్కుతాను. ఫోనులో తన చుక్క కదులుతుంటే కడుపు చల్లబడుతుంది. నేను తల్లిని. నాదీ అతనిదీ ఒకటెలా అవుతుంది?

ఏప్రిల్ 26

మధ్యాహ్నం మబ్బు పట్టింది. మబ్బు పడితే నీడలుండవు కాబట్టి సైరన్ మోగింది, గద్దలు ఇళ్ల కప్పుల దాకా దిగాయి. వీధిలో అందరూ నిలబడి గద్దలకి కనపడేలా మొహాలు పైకెత్తారు. పక్కావిడ చంకలో పిల్ల కూడా ఎత్తింది, ఇంకా నడక రాలేదు దానికి. నేనూ ఎత్తాను. నా ముక్కు మీద చినుకు పడింది.

ఇంటికొచ్చాక హైమ తాటాకు కొట్టంలోకి రమ్మంది. పందిరి సరుకంతా అక్కడే ఉంటుంది. మోపుల మధ్య కూర్చుని తన ఆలోచన చెప్పింది. మే నెల మొదట్లో ఒక రోజు సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. మనిషి నీడ కాళ్ల కిందే దాగిపోతుంది. ఆ కాసేపు గద్ద గుడ్డిదే. ఊళ్లో అందరికీ ఇష్టమైన రోజది. చెప్పుకోలేని పనులున్న వాళ్లంతా ఆ ఎండలో రోడ్డెక్కుతారు. ఎవరు ఎవరితో కనిపించినా తర్వాత దాని గురించి మాట్లాడకూడదు, అంత మర్యాద ఊరికి ఇంకా మిగిలింది. పైవాళ్లకీ తెలుసు. అరగంట కోసం ఎందుకని వదిలేశారు.

ఈసారి ఆ రోజే రేవు వీధిలో ఒక పెళ్లి. రాత్రి ముహూర్తం, మధ్యాహ్నం పందిరి వెయ్యాలి, పని మాదే. మోపులు మోసే ఆడవాళ్లలో తనూ ఒకతెగా వస్తానంది హైమ. తలమీద తాటాకు మోపుంటే పైనుంచి మోపే కనిపిస్తుంది. వేరే రోజైతే మోపు పక్క నుంచి ఒంటి నీడ బయటపడుతుంది, ఆ రోజు పడదు. అందరూ పందిరి దగ్గర మోపు దించుతారు, తను దించకుండా రేవులోకి వెళ్లిపోతుంది. గోవర్ధన్ ఫోనులో మాత్రం 'హైమ: ఇంట్లో' అనే ఉంటుంది, చివరిసారి నీడ కనిపించింది ఇంటి గుమ్మంలోనే కాబట్టి.

"ఆ కాసేపూ నువ్వు ఫోను ముట్టుకోకు" అంది. ముట్టుకోనని మాటిచ్చాను.

మే 3

వారం నుంచి కొట్టంలో హైమకి మోపు మొయ్యడం నేర్పుతున్నాను. మెడ గట్టిపడలేదు, మోపు ఎడమకి వాలిపోతుంది. తలమీద గుడ్డ చుట్టకుదురు సరిగా పెట్టుకోవడానికే రెండు రోజులు పట్టింది. నీ మొహం, మాత్రల డబ్బాలు మోసిన చేతులు అని నేను కసిరితే, నవ్వింది. ఎన్నాళ్లకి నవ్విందో.

మా మేస్త్రీ సూరన్నకి మాత్రం చెప్పాను. అతను వెదుళ్ల బండి తోలతాడు, నాకు వరసకి తమ్ముడు. ఎక్కువ అడగలేదు. "ఏం పర్లేదక్కా, నేను బండితో ఎనకాలే వత్తాను" అన్నాడు.

పని మధ్యలో కూడా ఆకాశమే చూస్తున్నాను. రోజూ సాయంత్రం పడమట మబ్బు లేస్తోంది. ఆ రోజు మధ్యాహ్నం గనక లేస్తే సైరన్ మోగుతుంది, మోపు దించి మొహం ఎత్తాలి, ఇక అంతే. సూర్యుడు మళ్లీ అలా నడినెత్తికి రావాలంటే ఆగస్టు దాకా ఆగాలి. ఆగస్టులో వానలు. హైమ మాత్రం ఆగేలా లేదు.

మే 6

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

మబ్బు లేదు. ఎండ నెత్తి మాడ్చేసింది. కొట్టం వెనక నుంచి మోపులు ఎత్తుకుని బయల్దేరాం, నేను ముందు, హైమ ఆడవాళ్ల మధ్యలో. వీధులు తిరనాళ్లలా ఉన్నాయి. ఎవరి మొహం చూసినా తప్పించుకుని తల తిప్పేస్తున్నారు. నా కాళ్ల వైపు చూసుకున్నాను, నీడ లేదు. పైన గద్దలు పిచ్చి పట్టినట్టు తిరుగుతున్నాయి.

రేవు వీధిలో పెళ్లింటి ముందు ఆగాం. ఆడవాళ్లు మోపులు దించారు. హైమ నా పక్క నుంచే పోయింది. తల తిప్పలేదు, మోపు వాలలేదు. సందు చివర మలుపు తిరిగింది.

నేను అక్కడే ఉండాలి, పని చేయించాలి. ఫోను మేకుల డబ్బాలో అడుగున పెట్టి పైన మేకులు పోశాను. రాటలు పాతించాను. ఒక వరస వెదుళ్లు కట్టించాను. పంటు కదిలితే హారన్ వేస్తుంది, మా వీధికి బాగా వినిపిస్తుంది. వినపడలేదు. ఇంకో వరస కట్టించాను. హారన్ లేదు. మోపుతో పడిపోయిందా? మెట్ల దగ్గర పాచి ఉంటుంది. ఎండదెబ్బ కొట్టిందా? గుమస్తా గుర్తుపట్టాడా? నా కాళ్ల దగ్గర నీడ సన్నగా బయటికి రావడం మొదలైంది.

డబ్బాలోంచి ఫోను ఎప్పుడు తీశానో నాకు తెలియదు. వేలికి మేకు గుచ్చుకుని రక్తం కారుతోంది, అది గుర్తుంది. పేరు నొక్కాను. 'హైమ: ఇంట్లో. వేరే చోట వెతకాలా?' అని అడిగింది. రేవు అని రాశాను. నా చేత్తో నేనే రాశాను. రోజూ చేసే పనికి చెయ్యి అలవాటుపడి ఉంది. రాసేదాకా నేను చేస్తున్నదేమిటో నా బుర్రకెక్కలేదు.

గద్ద ఒకటి మా తలల మీదుగా రేవు వైపు వాలింది. ఫోనులో బొమ్మ వచ్చింది. పంటు ఇంకా ఒడ్డునే ఉంది, లారీ ఏదో ఎక్కిస్తున్నారు. జనం వరసలో కూర్చున్నారు. హైమ మోపు పక్కన పెట్టుకుని చెంగుతో మెడ తుడుచుకుంటోంది. రెక్కల చప్పుడుకి తలెత్తింది. నేరుగా నా కళ్లలోకి చూసింది. భయం నెమ్మదిగా ఆ మొహంలోకి రావడం చూశాను. లేచి నిలబడింది. బొమ్మ ఆగిపోయింది. కింద అక్షరాలు వచ్చాయి: 'మాణిక్యం గారు అడిగిన చూపు. హైమ, పెదరేవు.' అవే అక్షరాలు ఆ క్షణంలో గోవర్ధన్ ఫోనులోనూ ఉంటాయి.

నేను అరిచానట. సూరన్న పరిగెత్తుకొచ్చాడు. చెప్పాను. వెంటనే బండి ఎక్కి ఎడ్లని తిప్పి, సందుకి అడ్డంగా నిలబెట్టేశాడు. అటు గోడ, ఇటు గోడ, మధ్యలో వెదుళ్లు. రేవుకి మోటార్ సైకిల్ పోగల దారి అదొక్కటే.

గోవర్ధన్ ఎంతోసేపు పట్టకుండానే వచ్చాడు. మోటార్ సైకిల్ దిగి స్టాండు వేశాడు. చొక్కా తడిసిపోయింది. అప్పుడు కూడా నాకు నమస్కారం పెట్టాడు.

"బండి తీయించండి అత్తయ్యగారూ."

ఎద్దు మొరాయించిందని చెప్పాను. అతను వెదుళ్లు పట్టుకుని ఎక్కబోయాడు. నేను మోకు ముడి లాగేశాను. కట్ట విడిపోయి వెదుళ్లన్నీ అతని వైపు దొర్లాయి. వెనక్కి గెంతి, మోచెయ్యి తుడుచుకున్నాడు. మళ్లీ ఎక్కబోయాడు, కాలి కింద వెదురు జారింది. మా ఆడవాళ్లు బండికి ఇటు పక్క వరసగా నిలబడ్డారు.

"నా మీద కోపం దేనికండీ?" అన్నాడు ఆయాసపడుతూ. "నేనివాళ చూడనే లేదు. ఇంట్లో ఉందనుకున్నాను. మీరు చూశారు. మీరు చూపిస్తే వచ్చాను."

అప్పుడు హారన్ మోగింది.

అతను వెదుళ్ల మీదే కూర్చుండిపోయాడు. నేను రేవుకి పరిగెత్తాను. పంటు నడి గోదాట్లో ఉంది. మెట్ల దగ్గర తాటాకు మోపు పడి ఉంది. హైమ ఎక్కిందా, గద్దని చూసి ఎటైనా పారిపోయిందా? గుమస్తానడిగితే ఎంతమందిని గుర్తుపెట్టుకుంటానమ్మా అన్నాడు.

మే 9

'హైమ: కనిపించడం లేదు.'

లంకలో ఉన్నా ఇదే వస్తుంది. ఎవరింటి కప్పు కిందైనా దాక్కున్నా ఇదే. గోదాట్లో పడినా ఇదే. ఈ మూడు మాటలు పొద్దున్నుంచి లెక్కలేనన్నిసార్లు చదివాను.

వెళ్లి చూసిరావచ్చు. కాని తనకి కార్డు రాకముందే నేను పంటు ఎక్కితే నా చుక్క పట్టుకుని గోవర్ధన్ వెనకే వస్తాడు. ఒకవేళ తను అక్కడుంటే రెండోసారి కూడా నేనే పట్టిచ్చినదాన్నవుతాను. అందుకని కూర్చున్నాను. కూర్చోవడం ఇంత కష్టమైన పనని నాకు తెలీదు.

సాయంత్రం అతనే వచ్చాడు. గడ్డం పెరిగింది. ఏమైనా తెలిసిందా అండీ అని అడిగాడు. లేదన్నాను. అరుగు మీద కూలబడి ఫోను తీశాడు, పేరు నొక్కాడు, పక్కన పెట్టాడు, మళ్లీ తీశాడు. నా చేతిలోనూ ఫోనే ఉంది. ఇద్దరం ఒకే పేరు నొక్కుకుంటూ కాసేపు అలాగే కూర్చున్నాం. నాకు అతని మీద జాలి వెయ్యబోయింది, దానికి మండింది, అంతకన్నా నా మీద మండింది. అతన్ని పొమ్మన్నాను. మర్యాదగా చెప్పలేదు.

మే 11

లంకలో కార్డుకి కావలసిన మూడు రోజులు దాటాయి. పొద్దున్నే రేవుకి వెళ్లాను. అనుకున్నట్టే గోవర్ధన్ వచ్చాడు, నీళ్ల సీసాతో. నాతో పాటే వస్తానన్నాడు. భార్య ఎలా ఉందో చూసుకునే హక్కు తనకి లేదా అన్నాడు.

నేను గుమస్తా బల్ల దగ్గరికెళ్లి వేలిముద్ర వేశాను. ఇతన్ని ఆపండి అన్నాను. పెళ్లయ్యాక రెండిళ్ల కార్డులూ కలిపేశారు కాబట్టి ఇద్దరం ఒకే కార్డులో ఉన్నాం. గుమస్తా మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మగవాళ్లని ఆపమని ఇంతవరకూ ఎవరూ అడగలేదట. రాసి ఉన్నది చదువుకోమన్నాను. చదివాడు, రెండోసారి చదివాడు, గొలుసు అడ్డం వేశాడు. గోవర్ధన్ గొలుసవతల నిలబడి నన్ను చూస్తూ ఉండిపోయాడు. రేపు మళ్లీ వస్తాడు, తెలుసు. రేపు నేనూ వస్తాను.

లంకలో దిగగానే పైకి చూశాను. కాకులున్నాయి. కొబ్బరి చెట్ల కింద ఎక్కడ చూసినా నీడే, ఎవరూ పర్మిట్ అడగడం లేదు. ఒకావిడ గొడుగేసుకుని పోతుంటే వెనక్కి తిరిగి మరీ చూశాను.

మొన్న పెదరేవు నుంచి ఒక అమ్మాయి వచ్చిందా అని అడిగితే ఎవరూ సరిగా చెప్పరు. ఎవరు కావాలి, ఎందుక్కావాలి, నువ్వెవరు అని నన్నే ఎదురు అడుగుతారు. మా ఊళ్లో ఈ పాటికి ఊరంతా దారి చూపించేవాళ్లు. కోపం వచ్చింది, తర్వాత ఆ కోపమే చల్లారింది. మందుల షాపులో అడిగితే, అక్కడి పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, కాలవ గట్టున పెంకుటింట్లో కొత్తగా ఒకమ్మాయి అద్దెకి దిగింది, ఆ అమ్మాయో కాదో నాకు తెలియదు అన్నాడు.

తలుపు వేసి ఉంది. వేసిన తలుపు ముందు నిలబడి ఎన్నేళ్లైందో. పెదరేవులో మనం వీధి మలుపు తిరిగేసరికే తలుపు తెరిచి ఉంటుంది, వచ్చేది ఎవరో లోపలివాళ్లకి ముందే తెలుసు కాబట్టి. ఏం చెయ్యాలో కాసేపు తోచలేదు. చెయ్యెత్తి కొట్టాను. మరీ మెల్లిగా కొట్టినట్టున్నాను, ఇంకోసారి కొట్టాను.

"ఎవరూ?"

హైమ గొంతే. ద్వారబంధం పట్టుకున్నాను. బతికుంది నా తల్లి. ఏడుపొచ్చింది, ఏడ్చాను. వెంటనే నాకు అనిపించింది, మాట్లాడకపోతే బయట నిలబడింది ఎవరో అని ఆ పిల్ల లోపల వణికిపోతుందని.

"నేను. అమ్మని. ఒక్కదాన్నే వచ్చాను" అన్నాను. తలుపు కదల్లేదు. గద్దకి తలెత్తిన ఆ మొహం నా కళ్ల ముందుకొచ్చింది. "ఆ రోజు చూసింది నేనే, హైమా. లోపలికి రమ్మంటావా? వద్దంటే ఇట్నుంచి ఇటే పోతాను."

గడప దగ్గర నుంచి ఒక మెట్టు కిందికి దిగి నిలబడ్డాను. తర్వాత అంది, "కొంచెం ఆగమ్మా. పనిలో ఉన్నాను."

ఏం పని అని అడగలేదు. లోపల ఏదో జరుపుతున్న చప్పుడు, గిన్నె మూత పెట్టిన చప్పుడు, కాసేపు ఏమీ లేదు. ఏం చేస్తోందో నాకు తెలియదు. మెట్టు మీద చూరు నీడలో కూర్చుని, ఇది రాసుకుంటూ, పిలిచేదాకా ఆగుతున్నాను.